క్రోన్స్, కొలైటిస్ ఉన్నవారు తోటివారిని కలవడానికి ప్రయాణం ఎలా చేయాలి? శ్రీకాకుళం, విజయనగరం వారికి దశలవారీగా

"నాలాంటి జబ్బే ఉన్న మరో మనిషితో ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారి మాట్లాడాలని ఉంది, కానీ దారిలో మోషన్ వస్తే ఏం చేయాలి?" ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఐబీడీ (పేగు వాపు జబ్బులైన క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్) ఉన్నవారు ఎవరు అడిగినా చివరికి ఈ ప్రశ్న దగ్గరే ఆగుతారు. బస్సులో వెళ్ళవచ్చా అని కొందరు, ముందురోజు నుంచి తిండి మానేస్తే సరిపోతుందా అని కొందరు, ఫ్రిజ్‌లో పెట్టే ఇంజెక్షన్ ఎలా తీసుకెళ్ళాలి అని మరికొందరు అడుగుతూనే ఉన్నారు. వీటన్నిటికీ ఒక్కచోట జవాబు ఉంటే మేలనిపించి ఇది రాస్తున్నాను.

జబ్బు గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. క్రోన్స్ గాని, అల్సరేటివ్ కొలైటిస్ గాని అంటువ్యాధి కాదు. ఒకరి పక్కన కూర్చున్నా, ఒకే బాత్‌రూమ్ వాడినా, ఒకే గిన్నెలోది తిన్నా రాదు. ఇంట్లోవాళ్ళు అభ్యంతరం చెబితే ముందుగా ఈ ఒక్క మాట చెప్పండి. కలవడం వల్ల జబ్బు తగ్గదు. అయితే రాత్రి మూడుసార్లు లేచానని చెప్పినప్పుడు జాలిపడకుండా, ముఖం తిప్పుకోకుండా, "రక్తం పడిందా, ఊరికే నీళ్ళలా వెళ్ళిందా?" అని అడిగే మనిషి మన పక్కన కూర్చోవడం ఎంత ధైర్యమో ఒకసారి కలిసినవారికి తెలుస్తుంది. ఆ ధైర్యం కోసం ఒక పూట ప్రయాణం చేయడం తప్పకుండా తగిన పనేనని నా నమ్మకం.

కింద రాసినది ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే ప్రయాణానికి సరిపోతుంది. మొదటిసారి అంతకంటే దూరం పెట్టుకోవద్దు.

కావలసినవి

చేతిలో ఉండే ఒక సంచి, అంటే పై అరలో పెట్టేది కాక ఒడిలోనో భుజానికో ఉండేది. అందులో రెండు జతల లోదుస్తులు, ఒక పంచె లేదా ప్యాంటు, ఆడవారికైతే ఒక పెట్టీకోటు లేదా చుడీదారు ప్యాంటు, రెండు మూడు శానిటరీ ప్యాడ్లు (ఇవి మగవారికీ పనికొస్తాయి, సిగ్గుపడవలసిన పని లేదు), మెత్తని టిష్యూలు, చిన్న సబ్బు, మూత గట్టిగా పడే ఖాళీ లీటరు సీసా ఒకటి, బట్టలు మార్చుకుంటే పాతవి పెట్టుకోవడానికి నల్ల కవర్లు ఉండాలి. మలద్వారం అంచులు ఒరుసుకుపోయేవారు కొబ్బరినూనె గాని, జింక్ ఉన్న పూతమందు గాని చిన్న డబ్బాలో పెట్టుకోండి.

మందులు, వెళ్ళివచ్చే రోజుకు కావలసినవి కాక మరో మూడు రోజులకు సరిపడా, స్ట్రిప్పులోంచి తీయకుండా. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. మాస్కులు. పది, ఐదు రూపాయల చిల్లర. సులభ్ కాంప్లెక్సు దగ్గర ఫోనులో డబ్బులు కట్టే పరిస్థితి ప్రతిసారీ ఉండదు.

ఒక కాగితం. దానిమీద మీ పేరు, జబ్బు పేరు, వాడే మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, బ్లడ్ గ్రూపు, మీ గ్యాస్ట్రో డాక్టరు నంబరు, ఇంట్లో ఒకరి నంబరు రాయండి. మందుకు కంపెనీ పెట్టిన పేరొక్కటే కాకుండా మందు అసలు పేరు (మెసాలమిన్, అజాథయోప్రిన్, ప్రెడ్నిసలోన్ వంటిది) రాస్తే కొత్త ఊరి డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది.

స్టోమా బ్యాగు (ఆపరేషన్ తర్వాత పొట్ట మీద పెట్టే మలం సంచి) ఉన్నవారు మామూలుగా ఆ వ్యవధికి వాడేదానికి రెట్టింపు సంఖ్యలో బ్యాగులు, ఇంటి దగ్గరే కొలతకు కత్తిరించి పెట్టుకోవాలి. ఎండలో ఆపిన కారులో వాటిని వదిలేస్తే అంటుకునే భాగం పాడవుతుంది.

దశలు

1. వెళ్ళే స్థితిలో ఉన్నారో లేదో చూసుకోండి. ప్రయాణానికి ముందు వారం రోజుల పాటు రోజుకు ఎన్నిసార్లు మోషన్ అయింది, రక్తం ఉందా, రాత్రి నిద్రలో లేవవలసి వచ్చిందా అనే మూడు విషయాలు క్యాలెండర్ మీద రాయండి. ఆ వారమంతా మీ మామూలు లెక్కే ఉంటే బయలుదేరవచ్చు. లెక్క పెరుగుతూ వస్తుంటే, జ్వరం ఉంటే, కడుపు ఉబ్బి గాలి కూడా పోకుండా ఉంటే ప్రయాణం ఆపి డాక్టరును కలవండి. రోజుకు ఆరు అంతకంటే ఎక్కువసార్లు రక్తంతో విరేచనాలు అవుతూ, దానికి తోడు జ్వరమో గుండెదడో ఉంటే కొలైటిస్ తీవ్రంగా ఉన్నట్టు. అది ఆసుపత్రికి వెళ్ళవలసిన స్థితి. మీకు జలుబు, దగ్గు ఉన్నా వెళ్ళకండి. మీరు కలవబోయేవారిలో చాలామంది రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉంటారు, మీకు రెండు రోజుల్లో పోయే జ్వరం వారిని రెండు వారాలు పడుకోబెట్టవచ్చు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు క్షయ పరీక్ష చేయించుకున్న తర్వాతే ఎవరినైనా కలవాలి. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్లు వాడేవారికి క్షయ సోకితే చాలా ప్రమాదం.

2. ఎవరిని కలవాలో తేల్చుకోండి. మీ గ్యాస్ట్రో డాక్టరు దగ్గర పనిచేసే నర్సుకో, కౌన్సిలర్‌కో మీ నంబరు ఇచ్చి, కలవడానికి ఇష్టపడే రోగులుంటే వారికి ఇవ్వమని చెప్పండి. వారి నంబరు మీకు ఇవ్వమని అడగవద్దు, అది వారి అనుమతితోనే జరగాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించుకోవడానికి వెళ్ళే రోజున పక్క మంచం మీద ఉన్నవారితో రెండు గంటలు గడిచిపోతాయి, చాలా పరిచయాలు అక్కడే మొదలవుతాయి. ప్రపంచ ఐబీడీ దినం మే 19; ఆ తేదీకి అటూఇటూగా పెద్ద ఆసుపత్రులు రోగుల సమావేశాలు పెడుతుంటాయి కాబట్టి ఏప్రిల్‌లోనే వాకబు చేయండి. అయితే మొదటిసారి ముగ్గురు నలుగురు చాలు. ఇరవైమంది కూర్చున్న హాలులో నోరు విప్పని మనిషి నలుగురిలో గంటసేపు మాట్లాడటం చూస్తాం.

ఒక హెచ్చరిక. మన దగ్గర పెళ్ళికాని పిల్లలు, కొత్తగా పెళ్ళైనవారు, వారి తల్లిదండ్రులు ఈ జబ్బు సంగతి బయటపడితే సంబంధాలు చెడతాయని భయపడతారు. అది సరైన భయమా కాదా అన్న చర్చ పక్కన పెట్టండి. బయట చెప్పాలా వద్దా అనేది వారి ఇష్టం. కలిసినచోట ఫొటోలు తీయకూడదని, ఎవరి ఊరు పేరు, ఇంటిపేరు మరెక్కడా ప్రస్తావించకూడదని ముందే మాట అనుకోండి. ఆడపిల్లలు ఒంటరిగా కాకుండా అక్కనో, పిన్నినో, వదిననో వెంటబెట్టుకుని రావడం మంచిది, వెంట వచ్చినవారికీ ఈ మాట వర్తిస్తుంది.

3. చోటు, రోజు ఎంచుకోండి. రెండు జిల్లాల వారు కలవాలంటే నా సలహా విజయనగరం. పలాస, శ్రీకాకుళం రోడ్డు వైపు నుంచి వచ్చే లైను, పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చే లైను అక్కడ కలుస్తాయి, విశాఖ నుంచి వచ్చేవారికీ సుమారు 60 కిలోమీటర్లే. అందరూ రైల్లో రాగలిగే ఊరు అది. శ్రీకాకుళంలో కలిసేటట్టయితే, శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో అన్న సంగతి బయటి ఊరివారికి ముందే చెప్పండి. పట్నానికి ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో రావాలి, ఆ అరగంటలో మరుగుదొడ్డి దొరకదు. కాబట్టి స్టేషనులోనే వెళ్ళి రమ్మనాలి.

చోటు ఏదైనా, కూర్చున్న కుర్చీకీ మరుగుదొడ్డికీ మధ్య ముప్పై అడుగులకు మించకూడదు, మెట్లు ఎక్కనవసరం లేకుండా ఉండాలి, కనీసం రెండు మరుగుదొడ్లుండాలి. ఇది గట్టి నియమంగా పెట్టుకోండి. నలుగురు ఐబీడీవాళ్ళకు ఒకే బాత్‌రూమ్ ఉన్న ఇల్లు సరిపోదు. ఇందుకు నాకు అన్నిటికంటే అనువుగా అనిపించేది రెండు గదులు ఒక పూటకు అద్దెకు తీసుకోవడం. హోటలు వాళ్ళు కొన్ని గంటలకే గది ఇస్తారు, నలుగురూ పంచుకుంటే ఖర్చు పెద్దగా పడదు, కాసేపు నడుం వాల్చడానికీ వీలుంటుంది. గది చూడటానికి ఊళ్ళో ఉన్నవారు ఒకరోజు ముందు వెళ్ళి, కుళాయి తిప్పి, ఫ్లష్ నొక్కి, తలుపు గడియ పడుతోందో లేదో చూడాలి. "ఉంది సార్" అన్న రిసెప్షన్ మాట మీద ఆధారపడవద్దు. కీళ్ళనొప్పులున్నవారు నేలబారు దొడ్డి మీద కూర్చోలేరు, అందుకని కనీసం ఒక గదిలో కమోడ్ ఉండాలి. కళింగపట్నం, బారువ సముద్రతీరాలు అందమైనవే గాని మొదటి కలయికకు వద్దు, అక్కడ నీళ్ళున్న మరుగుదొడ్డి దొరకడం కష్టం.

రోజు విషయంలో రెండు జాగ్రత్తలు. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ రోజూ, ముందురోజు తొలేళ్ళప్పుడూ అటు రావద్దు. అరసవల్లికి ఆదివారాలు, ముఖ్యంగా రథసప్తమికి జనం పోటెత్తుతారు కాబట్టి శ్రీకాకుళంలో ఆదివారం కలవవద్దు. అలాగే మీ అడాలిముమాబ్ వేసుకునే రోజు దాటాక తేదీ పెట్టుకుంటే ఇంజెక్షన్ మోసుకెళ్ళవలసిన పనే ఉండదు.

4. వాహనం ఎంచుకోండి. ఇందులో తొందరపడవద్దు, సగం ప్రయాణం ఇక్కడే తేలుతుంది.

రైలు అన్నిటికంటే మేలు, ఎందుకంటే పెట్టెలోనే మరుగుదొడ్డి ఉంటుంది. అయితే జనరల్ పెట్టె ఎక్కితే ఆ మేలు పోతుంది; దారంతా జనం నిలబడి, మరుగుదొడ్డి తలుపుకు ఆనుకుని కూడా కూర్చుంటారు. గంటన్నర ప్రయాణమే కదా అనుకోకుండా రిజర్వేషను చేయించండి. స్లీపరులో 1 నుంచి 8 దాకా బెర్తులు పెట్టె ఒక కొసన ఉంటాయి, అవి మరుగుదొడ్డికి దగ్గర. నంబరు మనం ఎంచుకునే వీలు ఉండదు గాని, కింది బెర్తు కావాలని అడగవచ్చు. ఎక్కాక కొసన ఉన్నవారిని సీటు మార్చుకోమని అడిగితే, "కడుపు జబ్బు బాబూ, ఊరికే లేవాల్సి వస్తుంది" అంటే చాలు, సాధారణంగా ఒప్పుకుంటారు. చెయిర్ కార్‌లో కిటికీ పక్క కాకుండా నడవా పక్క సీటు అడగండి. ఎక్కగానే రెండు వైపుల దొడ్లూ ఒకసారి చూసి రండి: నీళ్ళు వస్తున్నాయా, గడియ పడుతోందా అని. లీటరు సీసా నింపి పెట్టుకోమన్నది నీళ్ళు రాని రోజు కోసమే. ప్యాడ్లు, టిష్యూలు రైలు దొడ్లో వేయవద్దు, అవి బయో టాయిలెట్లు, మూసుకుపోతాయి. బయలుదేరే ముందు రైలు ఎంత ఆలస్యమో 139కి ఫోన్ చేసి కనుక్కోండి, స్టేషను బల్ల మీద రెండు గంటలు కూర్చోవడం అనవసరపు శ్రమ.

బస్సు తప్పనిసరైతే: ఆర్టీసీ బస్సుల్లో మరుగుదొడ్డి ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఖర్చు చూసుకునేవారికి ఇది పెద్ద ఊరట. కానీ రద్దీ వేళ తప్పించి, పదిన్నర తర్వాతి బస్సు చూసుకోండి. ముందు తలుపుకు దగ్గరగా కూర్చోండి. బస్సు కదలకముందే కండక్టరుకు, డ్రైవరుకు ఇద్దరికీ చెప్పండి. కదిలాక అరిచి చెప్పడం మీకూ కష్టం, వారికీ కోపం. ఇలా చెప్పవచ్చు: "అన్నా, నాకు పేగుల జబ్బు ఉంది, ఇదిగో డాక్టరు చీటీ. దారిలో అర్జెంటయితే చెబుతాను, ఏదైనా పెట్రోలు బంకు దగ్గర రెండు నిమిషాలు ఆపండి." డాక్టరు చేత తెలుగులో రెండు వాక్యాల చీటీ రాయించుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. తెలుగులో ఉండాలని ఎందుకంటున్నానంటే, దాన్ని చదవవలసినవారు మరో డాక్టరు కాదు.

కారు గాని, ఆటో గాని మాట్లాడుకుంటే జాతీయ రహదారి 16 మీద మడపాం, నాతవలస టోల్‌గేట్లు గుర్తుపెట్టుకోండి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఎవరికైనా ఉచితంగా ఇవ్వాలన్నది నియమం, పెట్రోలు పోయించుకోకపోయినా అడగవచ్చు. దారిలో ప్రతి ముప్పై నిమిషాలకు ఒకటి చొప్పున ఆగే చోట్లు కాగితం మీద రాసుకోండి. పాలకొండ, రాజాం వైపు లోపలి రోడ్ల మీద బంకులు దూరదూరంగా ఉంటాయి, అటువారికి ఈ జాబితా ఇంకా అవసరం.

5. ముందురోజు, ఆ రోజు తిండి. ఉపవాసం వద్దు. కడుపు ఖాళీగా ఉన్నంత మాత్రాన మోషన్లు ఆగవు; నీరసం, కళ్ళు తిరగడం అదనంగా వస్తాయి. తిన్న అరగంటకో గంటకో పేగు కదలడం చాలామందికి అనుభవమే, కాబట్టి బయలుదేరడానికి గంటన్నర, రెండు గంటల ముందు కొద్దిగా తిని, ఇంట్లోనే మోషన్‌కి వెళ్ళి, తర్వాత కదలండి. ఇడ్లీ, మెత్తని అన్నంలో పలచని పెసరకట్టు, అరటిపండు, మీకు పడే పక్షంలో పలచని చోడి అంబలి చాలు. పాలు, మసాలా, వేపుళ్ళు, పనస, మొక్కజొన్న పొత్తులు ముందురోజు నుంచి పక్కన పెట్టండి. పేగు సన్నబడిందని డాక్టరు చెప్పిన క్రోన్స్ రోగులు పీచు, గింజలు ఏ రోజూ జాగ్రత్తగానే తినాలి.

ఇక్కడ పలాస జీడిపప్పు సంగతి చెప్పాలి. మన వైపు నుంచి ఎవరింటికి వెళ్ళినా ప్రేమగా పట్టుకెళ్ళేది అదే. మీ ఎదుటివారికి పేగు సన్నబడి ఉంటే, ఆ పప్పు మాట కాదనలేక నాలుగు తిన్నా రాత్రికి కడుపునొప్పి, వాంతులతో అవస్థ పడవచ్చు. ఏమైనా పట్టుకెళ్ళాలనిపిస్తే ముందే అడగండి. అలాగే ఆతిథ్యం ఇచ్చేవారు "ఒక్క ముద్ద" అని బలవంతం చేయకూడదు, ఎవరి క్యారేజీ వారు తెచ్చుకోవాలి అని మొదటే చెప్పుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నీళ్ళు తాగడం మానవద్దు. ఓఆర్ఎస్ పొట్లం మీద ఒక లీటరు అని ఉంటే పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. గ్లాసులో సగం పొట్లం వేసుకుని తాగితే ఉప్పు ఎక్కువై విరేచనం పెరుగుతుంది. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు సమానపు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి; రుచి కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు.

6. మందుల సంచి. అడాలిముమాబ్ తప్పనిసరిగా తీసుకెళ్ళవలసి వస్తే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. చిన్న థర్మోకోల్ పెట్టెలో గడ్డకట్టిన జెల్ ప్యాక్ పెట్టి, దానికీ ఇంజెక్షన్ పెట్టెకూ మధ్య మడత పెట్టిన తువ్వాలు ఉంచండి. ఐసు నేరుగా తగిలి మందు గడ్డకడితే అది కరిగాక కూడా పనికిరాదు, పారేయాలి. ఫ్రిజ్ బయట ఎంతసేపు ఉండవచ్చో ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, పెట్టెలోని కాగితం చూడండి. మెసాలమిన్ సపోజిటరీలు (మలద్వారంలో పెట్టుకునే మందు) మన మే నెల ఎండకు కరుగుతాయి, అవి కూడా అదే పెట్టెలో, జెల్‌కు దూరంగా పెట్టవచ్చు. ప్రెడ్నిసలోన్ వాడేవారు ప్రయాణం హడావుడిలో ఆ రోజు మాత్ర మరచిపోకూడదు, ఆ మందు ఉన్నపళంగా ఆపకూడనిది. మోషన్ ఆపే లోపెరమైడ్ మాత్ర మీ డాక్టరు సరేనంటేనే పెట్టుకోండి; రక్తం పడుతున్నా, జ్వరమున్నా, పొట్ట ఉబ్బినా దాన్ని ముట్టుకోవద్దు.

ఒళ్ళునొప్పులకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకోవద్దు. ఇవి పేగు జబ్బును తిరగబెట్టగలవు, కిడ్నీలకూ చేటు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం వారికి ఈ మాట రెండుసార్లు చెబుతాను. మెసాలమిన్ కూడా అరుదుగా కిడ్నీని దెబ్బతీయగలదు కాబట్టి, అది వాడే ఉద్దానంవారు డాక్టరు చెప్పిన వ్యవధిలో క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరిగా చేయించుకుంటూ ఉండాలి. ప్రయాణంలో నీళ్ళు తాగకుండా బిగబట్టుకోవడం వారికి ఇంకా ప్రమాదం.

7. దారిలో అర్జెంటయితే. కంగారుపడి పరుగెత్తితే అదుపు తప్పడం ఎక్కువ. ఆగి, నిటారుగా నిలబడి, మలద్వారం కండరాన్ని బిగించి, నోటితో నెమ్మదిగా గాలి వదలండి. ఆ ఉధృతి చాలాసార్లు ఒక నిమిషంలో తగ్గుతుంది, తగ్గాక నడవండి. వరుసలో ముందున్నవారిని "ఆగలేను, జబ్బు ఉంది" అని నేరుగా అడగండి. బట్టల్లోనే జరిగేది జరిగిపోతే, సంచి తీసుకుని లోపలికి వెళ్ళి, కడుక్కుని, బట్టలు మార్చుకుని, పాతవి రెండు కవర్లలో కట్టి, మిగతా ప్రయాణం కొనసాగించండి. మీరు కలవబోయే గదిలో ప్రతి ఒక్కరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగినదే, అక్కడ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేదు.

8. కలిశాక ఏం మాట్లాడాలి. పనికొచ్చేవి అడగండి: డ్యూటీలో ఎలా నెట్టుకొస్తున్నారు, పరీక్షలు ఎక్కడ చేయిస్తున్నారు, కొలనోస్కోపీ ముందు తాగే మందు ఎలా తాగారు, ఇంజెక్షన్ ఖర్చు ఎలా సర్దుకున్నారు, అత్తగారింట్లో ఎలా చెప్పారు, గర్భం వచ్చినప్పుడు డాక్టరు ఏ మందులు కొనసాగించమన్నారు. మాటల మధ్య ఎవరైనా లేచి వెళితే మాట ఆపండి, తిరిగి వచ్చాక అక్కడి నుంచే మొదలుపెట్టండి. కొత్తగా జబ్బు తేలినవారు వస్తే వారి ముందు ఆపరేషన్ కథలు వరుసగా చెప్పవద్దు. వారు అడిగినదానికి మాత్రమే జవాబివ్వండి.

మందుల మార్పిడి మాత్రం వద్దు. మీకు మిగిలిన అజాథయోప్రిన్ స్ట్రిప్పు ఎదుటివారికి ఇవ్వడం సాయంలా కనిపిస్తుంది, కానీ ఆ మందుకు రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష చేయిస్తూ ఉండాలి. ఒకరికి సరిపోయిన మోతాదు ఇంకొకరి తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించవచ్చు. "ఫలానా ఊళ్ళో పసరు మందు వాడి నేను మాత్రలన్నీ మానేశాను" అనేవారు ఒకరైనా తగులుతారు. వాదించవద్దు, ఆచరించనూ వద్దు. ఈ జబ్బు దానంతటదే కొన్నాళ్ళు నెమ్మదించగలదు, ఆ నెమ్మదించిన కాలంలో ఏది తాగితే ఆ పేరు దానికి వస్తుంది. విన్నది ఏదైనా కాగితం మీద రాసుకుని మీ డాక్టరు ముందు పెట్టండి.

9. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోండి. అలసట వచ్చాక మోషన్ అదుపు తగ్గుతుంది. కలిసిన చోటే చివరిసారి బాత్‌రూమ్‌కి వెళ్ళి, సీసా నింపుకుని బయలుదేరండి.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటిసారే హైదరాబాదు సమావేశానికి టికెట్టు తీసుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రాత్రంతా రైలు, తెల్లవారి ఊరికాని ఊళ్ళో ఆటో, మధ్యాహ్నం హాలులో బయటి భోజనం. ఇవన్నీ ఒక్కరోజులో కొత్తవారి పేగు తట్టుకోదు. విజయనగరం, ఆ తర్వాత విశాఖ, అక్కడ ఒక రాత్రి ఉండి రావడం అలవాటయ్యాక హైదరాబాదు ఆలోచించండి.

ఇంట్లో చెప్పకుండా వెళ్ళడం, మందుల సంచి పై అరలో పెట్టి నిద్రపోవడం, ఎదుటివారు బాగా తింటున్నారని తామూ తినడం కూడా తరచుగా చూస్తాం. క్రోన్స్ మనిషికీ కొలైటిస్ మనిషికీ, ఒకే జబ్బున్న ఇద్దరికీ కూడా పడే తిండి ఒకటి కాదు. ఇక రానివారిని నిష్ఠూరమాడటం: ఆ ఉదయమే జబ్బు తిరగబెట్టి ఆగిపోయిన మనిషికి ఫోన్ చేసి "రాలేదేం" అంటే ఆ మనిషి ఇంకెప్పుడూ రాదు. "ఎలా ఉంది, డాక్టరుకు చెప్పావా?" అని అడగండి. రాలేనివారు గదిలో ఉన్నవారితో అరగంట ఫోనులో మాట్లాడేలా ఏర్పాటు చేస్తే వారికీ ఆ రోజు దక్కుతుంది.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

వెళ్ళడానికి ముందే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మీ ఊరి నుంచి దారిలోని మొదటి ఆగే చోటు దాకా ఒక ఉదయం వెళ్ళి రండి, అక్కడి దొడ్డి వాడండి. సంచిలో ఏది లేదో, ఏది అనవసరమో అప్పుడే తెలుస్తుంది. కూర్చున్నచోటి నుంచి కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే బట్టల కవరు నిమిషంలో అందాలి. అందకపోతే సంచి మళ్ళీ సర్దండి.

తిరిగి వచ్చాక మూడు రోజులు అదే క్యాలెండర్ మీద మోషన్ల లెక్క రాయండి. ఒకటి రెండు పెరిగి మూడో రోజుకు మామూలుకు వస్తే అది అలసట. మూడు రోజుల తర్వాత కూడా పెరుగుతూ ఉంటే, రక్తం కొత్తగా కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేయండి, బయటి తిండి వల్ల ఇన్‌ఫెక్షనా, జబ్బు తిరగబెట్టిందా అన్నది మల పరీక్ష చేయిస్తే గాని తేలదు, స్టెరాయిడ్ మీరే మొదలుపెట్టవద్దు. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే నీళ్ళు చాలలేదన్నమాట. సల్ఫాసలజీన్ వాడేవారికి మాత్రం మూత్రం మామూలుగానే నారింజ పసుపులో ఉంటుంది కాబట్టి వారు రంగు చూడకుండా ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కపెట్టుకోవాలి. ఆగని రక్తం, నిలబడితే కళ్ళు తిరగడం, గట్టిపడిన పొట్ట, వాంతులతో పాటు గాలి కూడా పోకపోవడం వీటిలో ఏది ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి, మందుల కాగితం వెంట తీసుకెళ్ళండి.

కలయిక సంగతి చూసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అడగడానికి కొత్తగా ఒక ప్రశ్నైనా దొరికిందా? దొరికితే దాన్ని మందుల కాగితం వెనక రాసి పెట్టుకోండి. దొరక్కపోతే, మనసు తేలికపడకపోతే, తర్వాతిసారి మనుషుల సంఖ్య తగ్గించండి, లేదా ఒక్కరినే, మీ వయసువారిని, మీ జబ్బే ఉన్నవారిని కలవండి. తర్వాతి తేదీ రెండు నెలల లోపు పెట్టుకుని, ఈసారి రాలేకపోయినవారి ఊరికి దగ్గరగా ఉండే చోటు చూడండి.